విమాన దూరం, ప్రయాణ కాలం (తెనాలి, బాపట్ల, రేపల్లె)

విమాన దూరం అనగా భూమి ఉపరితలంపై రెండు ప్రదేశాల మధ్య గల అతి తక్కువ దూరం. నదులు, కొండలు, పట్టాలు, రోడ్డు మలుపులు ఈ లెక్కలోకి రావు. పక్షి తిన్నగా ఎగిరినట్లు ఊహించి కొలుస్తారు. ప్రయాణ కాలం అనగా మనిషి ఇంటి గడప దాటినప్పటి నుండి చేరవలసిన చోటు గడప తొక్కే వరకు పట్టే సమయం. మొదటిది ప్రకృతి నిర్ణయించినది, మారదు. రెండవది మనుషులు నిర్ణయించినది. వంతెన కట్టినా, రైలు మార్గం వేసినా, ఒక దేశం తన గగనతలాన్ని మూసివేసినా, జిల్లా కేంద్రం మారినా అది మారిపోతుంది.

ఈ రెండింటికీ గల తేడాను ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో కృష్ణా నది పశ్చిమ డెల్టాలో ఉన్న తెనాలి, బాపట్ల మరియు రేపల్లె పట్టణాలను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పట్టణాల నుండి అమెరికా వంటి దూరదేశాలకు వెళ్ళి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఇక్కడ ఉంటారు. కనుక "ఎంత దూరం?" అనే ప్రశ్న కన్నా "ఎంతసేపట్లో రాగలరు?" అనే ప్రశ్నే ఇక్కడి ఇళ్ళలో ఎక్కువగా వినిపిస్తుంది.

విమాన దూరాన్ని లెక్కించే విధానం

భూమి గుండ్రంగా ఉన్నందున రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారి పటం మీద గీసిన సరళరేఖ కాదు. ఒక గ్లోబును తీసుకొని రెండు ఊళ్ళ మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే ఆ దారం ఏ దారిన పోతుందో అదే దగ్గరి దారి. ఆ దారాన్ని చుట్టూ పొడిగిస్తే భూమిని రెండు సమాన భాగాలుగా చేసే వృత్తం ఏర్పడుతుంది. దీనిని మహావృత్తం అంటారు. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ.గా తీసుకొని, త్రికోణమితి సూత్రాలతో ఈ దూరాన్ని లెక్కించవచ్చును.

చిన్న దూరాలకు ఇంత శ్రమ అవసరం లేదు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కి.మీ. ఉంటుంది. డెల్టా ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కి.మీ. ఉంటుంది. ఉత్తర దక్షిణాల తేడాను, తూర్పు పడమరల తేడాను కిలోమీటర్లలోకి మార్చి, పాఠశాలలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతాన్ని వాడితే చాలు. ఈ వ్యాసంలోని విమాన దూరాలు ఈ విధంగా లెక్కించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించినవి. రైలు, రోడ్డు దూరాలు కూడా సుమారు అంకెలే. ఊరిలో ఏ బిందువు నుండి కొలుస్తారన్న దానిని బట్టి ఒకటి రెండు కిలోమీటర్లు తేడా రావచ్చును.

మూడు పట్టణాల త్రిభుజం

తెనాలి 16.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.64 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. రేపల్లె 16.02 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.83 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, బాపట్ల 15.90 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.47 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నాయి. వీటి మధ్య విమాన దూరాలు:

* తెనాలి - రేపల్లె: 32 కి.మీ.
* తెనాలి - బాపట్ల: 42 కి.మీ.
* బాపట్ల - రేపల్లె: 41 కి.మీ.

అనగా ఇది మూడు భుజాలూ ఇంచుమించు సమానంగా ఉన్న త్రిభుజం. పక్షికి ఏ ఊరి నుండి ఏ ఊరికైనా పెద్ద తేడా లేదు. రైలుకు మాత్రం అలా కాదు. తెనాలి, బాపట్ల రెండూ విజయవాడ - చెన్నై ప్రధాన మార్గంపై ఉన్నాయి. ఈ మార్గం 1899లో పూర్తయింది. తెనాలి నుండి రేపల్లెకు 34 కి.మీ. పొడవైన శాఖా మార్గాన్ని అప్పటి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే వేసింది. గుంటూరు - తెనాలి - రేపల్లె మార్గం 1916లో ప్రారంభమైనది. రేపల్లె ఈ శాఖకు చివరి స్టేషను. అక్కడితో పట్టాలు ఆగిపోతాయి. వంద సంవత్సరాలు దాటినా ఆ త్రిభుజంలో మూడవ భుజానికి, అనగా బాపట్ల - రేపల్లె మధ్య, రైలు మార్గం ఏర్పడలేదు.

పట్టాలు రాకముందు ఈ ప్రాంతంలో కాలువలే ప్రయాణ మార్గాలు. బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయిన తరువాత డెల్టా కాలువల మీద పడవల రాకపోకలు పెరిగాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలియుట వలన ఇక్కడి ధాన్యం పడవల మీదనే మద్రాసు వరకు వెళ్ళేది. ఆ రోజుల్లో దూరాన్ని మైళ్ళలో కాక పూటల్లో, రోజుల్లో చెప్పుకునేవారు. ప్రయాణ కాలమే దూరానికి కొలత అన్న సంగతి వారికి తెలిసినదే.

చుట్టు నిష్పత్తి

నిజంగా ప్రయాణించిన దూరాన్ని విమాన దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం చుట్టు నిష్పత్తి అందాము. అది 1 అయితే తిన్నగా వెళ్ళినట్లు. 2 అయితే అవసరమైన దానికి రెట్టింపు తిరిగినట్లు. ఈ ప్రాంతపు కొన్ని ప్రయాణాలకు ఈ నిష్పత్తి ఇలా ఉంటుంది:

* తెనాలి - బాపట్ల (రైలు, 43 కి.మీ.): సుమారు 1.0
* తెనాలి - రేపల్లె (రైలు, 34 కి.మీ.): సుమారు 1.1
* రేపల్లె - గుంటూరు (రైలు, 59 కి.మీ.; విమాన దూరం 52 కి.మీ.): సుమారు 1.1
* రేపల్లె - హైదరాబాదు (గుంటూరు, నడికుడి మీదుగా రైలు, 340 కి.మీ.; విమాన దూరం 292 కి.మీ.): సుమారు 1.2
* రేపల్లె - బాపట్ల (తెనాలి మీదుగా రైలు, 77 కి.మీ.; విమాన దూరం 41 కి.మీ.): సుమారు 1.9
* రేపల్లె - మచిలీపట్నం (తెనాలి, విజయవాడ, గుడివాడ మీదుగా రైలు, 146 కి.మీ.; విమాన దూరం 38 కి.మీ.): సుమారు 3.8

ఈ పట్టిక ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. రాజధానుల వైపు, పెద్ద నగరాల వైపు పోయే దారులు తిన్నగా ఉన్నాయి. పక్క ఊరి వైపు పోయే దారులే చుట్టు తిరుగుతున్నాయి. రైలు మార్గాలు వేసినప్పుడు ధాన్యాన్ని, ప్రయాణికులను లోపలి నుండి పెద్ద జంక్షనుకు చేర్చుటే ఉద్దేశ్యం. ఒక చిన్న పట్టణాన్ని మరొక చిన్న పట్టణంతో కలుపుట కాదు. కాచిగూడ నుండి రేపల్లె వరకు నడిచే డెల్టా ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పడుకున్నవారు బండి మారకుండా రేపల్లెలో దిగుతారు. బాపట్ల నుండి రేపల్లెకు రైలులో వెళ్ళదలచినవారు మాత్రం తెనాలిలో దిగి రెండవ బండి కోసం కాచుకోవాలి.

జిల్లాల పునర్విభజన (2022) మరియు రేపల్లె

2022 ఏప్రిల్ 4న ఆంధ్ర ప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగింది. అప్పటి వరకు గుంటూరు జిల్లాలో ఉన్న బాపట్ల కొత్త జిల్లాకు కేంద్రం అయినది. రేపల్లె ప్రాంతం ఈ కొత్త బాపట్ల జిల్లాలో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

పరిపాలనను ప్రజలకు దగ్గర చేయుట ఈ మార్పు ఉద్దేశ్యంగా ప్రకటించారు. విమాన దూరాన్ని చూస్తే ఇది నిజమే. రేపల్లె నుండి పాత జిల్లా కేంద్రమైన గుంటూరుకు 52 కి.మీ. ఉండగా కొత్త కేంద్రమైన బాపట్లకు 41 కి.మీ. మాత్రమే ఉన్నది. 11 కి.మీ. తగ్గినది.

రైలు దూరాన్ని చూస్తే ఫలితం తలక్రిందులవుతుంది. రేపల్లె నుండి గుంటూరుకు 59 కి.మీ. తిన్నగా ఒకే బండిలో వెళ్ళవచ్చును. బాపట్లకు 77 కి.మీ. తిరిగి వెళ్ళాలి, మధ్యలో బండి మారాలి. 18 కి.మీ. పెరిగినది. జిల్లా కేంద్రం పక్షికి దగ్గరయింది, రైలు ప్రయాణికుడికి దూరమయింది.

రోడ్డు మార్గం ఈ లోటును కొంతవరకు తీరుస్తున్నది. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు తీరం వెంట సాగే 216వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల ప్రాంతాలను కలుపుతుంది. ఈ దారిన రేపల్లె - బాపట్ల దూరం 50 కి.మీ.కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చుట్టు నిష్పత్తి 1.2 దరిదాపులలో ఉన్నది. సొంత వాహనం ఉన్నవారికి గంటకు కొంచెం పైగా పడుతుంది. బస్సు కోసం ఎదురుచూసేవారికి ఆ నిరీక్షణ కూడా ప్రయాణ కాలంలో భాగమే. రైలు మీద ఆధారపడిన వ్యక్తికి, తెనాలిలో వేచి ఉండే సమయంతో కలిపి రెండున్నర గంటలు పట్టిందనుకుంటే, 41 కి.మీ. విమాన దూరాన్ని అతడు గంటకు 16 కి.మీ. చొప్పున దాటినట్లు లెక్క. ఇది సైకిలు వేగం.

పింఛను కోసమో, భూమి పత్రాల కోసమో, కలెక్టరు కార్యాలయంలో సోమవారం జరిగే అర్జీల స్వీకరణ కోసమో వెళ్ళే ముసలివారికి ఈ తేడా చిన్నది కాదు. ఒక పూటలో పని ముగించుకొని వచ్చుటకు, రోజంతా పోగొట్టుకొనుటకు మధ్య ఉన్న తేడా అది. కూలీకి వెళ్ళేవారికి రోజు పోవుట అంటే ఆ రోజు కూలి పోవుట.

పెనుమూడి - పులిగడ్డ వారధి

చుట్టు నిష్పత్తి మనుషుల చేతిలో ఉన్నదనుటకు మంచి ఉదాహరణ రేపల్లె దగ్గరలోనే ఉన్నది. రేపల్లెకు తూర్పున కృష్ణా నది ప్రవహిస్తున్నది. నదికి ఈవల పెనుమూడి, ఆవల దివిసీమ ముఖద్వారంలో పులిగడ్డ గ్రామాలు ఉన్నాయి. చాలాకాలం ఇక్కడ పడవలే ఆధారం. పడవ వద్దనుకున్నవారు, లేదా లారీలో సరుకు తీసుకొని వెళ్ళేవారు, విజయవాడ వరకు పైకి వెళ్ళి నది దాటి మరల క్రిందికి రావలసి వచ్చేది. రేపల్లె నుండి మచిలీపట్నం చేరుటకు ఈ విధంగా సుమారు 135 కి.మీ. ప్రయాణించాలి.

2000ల దశకంలో పెనుమూడి - పులిగడ్డ మధ్య వారధి అందుబాటులోకి వచ్చింది. దానితో ఆ దూరం సుమారు 50 కి.మీ.కు తగ్గిపోయింది. చుట్టు నిష్పత్తి మూడున్నర నుండి 1.3కు దిగింది. రేపల్లె కదలలేదు, మచిలీపట్నం కదలలేదు. ఒక్క వంతెన వలన రెండు ఊళ్ళు ఇరుగుపొరుగు అయినాయి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయానికి గుంటూరు వైపు నుండి వెళ్ళే యాత్రికులకు, దివిసీమ నుండి రేపల్లె, తెనాలి ఆసుపత్రులకు వచ్చే రోగులకు కలిగిన మేలు ఇక్కడివారందరికీ తెలిసినదే.

అయితే రోడ్డు వంతెన వచ్చినా రైలు దూరం పాతదే. మచిలీపట్నం కూడా రేపల్లె వలెనే ఒక శాఖా మార్గానికి చివరి స్టేషను. రెండు చివరి స్టేషన్ల మధ్య 38 కి.మీ. ఖాళీ ఉన్నది. ఈ రెండింటినీ కలుపుతూ రైలు మార్గం వేయాలన్న కోరిక ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఉన్నది. మచిలీపట్నం వద్ద ఓడరేవు నిర్మాణ పనులు 2023 మే నెలలో మొదలైన తరువాత ఈ కోరికకు మరింత బలం చేకూరింది. ఈ ఖాళీని పూరిస్తే విజయవాడ జంక్షనుపై భారం కొంత తగ్గి, కోస్తా తీరానికి మరొక ప్రత్యామ్నాయ మార్గం ఏర్పడుతుంది.

విమానాశ్రయం వరకు

ఈ మూడు పట్టణాలలో దేనికీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. బాపట్ల దగ్గర సూర్యలంకలో భారత వైమానిక దళ స్థావరం ఉన్నది కానీ అది ప్రయాణికుల కోసం కాదు. బాపట్లకు పడమరన జాతీయ రహదారి 16పై కొరిశపాడు వద్ద అత్యవసర సమయాల్లో యుద్ధ విమానాలు, రవాణా విమానాలు దిగుటకు సుమారు 4 కి.మీ. రోడ్డును రన్‌వేగా తీర్చిదిద్దారు. అక్కడ 2022 డిసెంబరులోను, 2024 మార్చిలోను వైమానిక దళం ప్రయోగాత్మక విన్యాసాలు జరిపింది. ఇదియును సాధారణ ప్రయాణికులకు ఉపయోగపడేది కాదు.

దగ్గరి విమానాశ్రయం విజయవాడకు సమీపాన ఉన్న గన్నవరం. తెనాలి నుండి దీని విమాన దూరం 36 కి.మీ., రేపల్లె నుండి 57 కి.మీ., బాపట్ల నుండి 78 కి.మీ. రేపల్లెకు గన్నవరం దాదాపు నేరుగా ఉత్తరాన ఉన్నది. మధ్యలో కృష్ణా నది, విజయవాడ నగర రద్దీ ఉన్నందున రోడ్డు మీద తెనాలి నుండి 50 కి.మీ.కు పైగా, బాపట్ల నుండి వంద కి.మీ.కు పైగా ప్రయాణించాలి. మంగళగిరి సమీపంలోని కాజ నుండి గన్నవరం దగ్గరి చిన్న అవుటుపల్లి వరకు తలపెట్టిన విజయవాడ పశ్చిమ బైపాసు ఉద్దేశ్యం నగరంలోకి పోకుండా నది దాటించుటయే.

గన్నవరానికి 2017లో అంతర్జాతీయ విమానాశ్రయ హోదా లభించింది. 2018 డిసెంబరులో సింగపూరుకు తొలి అంతర్జాతీయ విమానం నడిచింది. కొద్ది నెలలకే ఆ సర్వీసు ఆగిపోయింది. 2022 అక్టోబరు 31 నుండి షార్జాకు విమానాలు మొదలయ్యాయి. అమెరికా, ఐరోపా వెళ్ళేవారు ఎక్కువగా హైదరాబాదు దగ్గర శంషాబాదు విమానాశ్రయాన్ని ఎంచుకుంటారు. ఇది 2008 మార్చి 23న బేగంపేట విమానాశ్రయం స్థానంలో ప్రారంభమైనది. గన్నవరం - శంషాబాదు విమాన దూరం సుమారు 265 కి.మీ. విమానం గాలిలో ఉండేది గంటలోపే. కానీ ముందుగా చేరుకొనుట, తనిఖీలు, సామాను కోసం నిలబడుట కలిపితే నాలుగు గంటలకు తక్కువ కాదు. అందువలన తెనాలి నుండి కారులో సుమారు 300 కి.మీ. ప్రయాణించి శంషాబాదు చేరుకొనేవారు చాలామంది ఉన్నారు.

తెనాలి నుండి డల్లాస్ వరకు

దూర ప్రయాణానికి ఉదాహరణగా, తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అమెరికా నగరాలలో ఒకటైన డల్లాస్‌ను తీసుకోవచ్చును. డల్లాస్ 96.8 డిగ్రీల పశ్చిమ రేఖాంశంపై ఉన్నది. తెనాలి 80.64 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నది. రెండూ కూడితే 177 డిగ్రీలు దాటుతుంది. అనగా తెనాలికి డల్లాస్ ఇంచుమించు భూమికి అవతలి వైపు రేఖాంశంపై ఉన్నట్లు. ఇటువంటి రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారి తూర్పుకూ కాదు, పడమరకూ కాదు, నేరుగా ఉత్తరానికి పోతుంది. తెనాలిలో బయలుదేరిన రేఖ హిమాలయాలను, మధ్య ఆసియాను, సైబీరియాను దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 250 నుండి 300 కి.మీ. పక్కగా పోయి, కెనడా మీదుగా దిగి డల్లాస్ చేరుతుంది. దీని పొడవు సుమారు 14,550 కి.మీ. గంటకు 900 కి.మీ. వేగంతో పోయే విమానం ఉంటే 16 గంటల పైచిలుకు ప్రయాణం.

ఇంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు నేడు ఉన్నాయి. సింగపూరు - న్యూయార్కు మధ్య 15,300 కి.మీ. పైబడిన దూరాన్ని ఆగకుండా దాటే సర్వీసు నడుస్తున్నది. ధ్రువం మీదుగా ఎగురుట కూడా కొత్త కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు, అందరూ మహిళా పైలట్లతో, ఉత్తర ధ్రువం మీదుగా విమానాన్ని నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ నలుగురిలో పాపగారి తన్మయి ఒకరు. అయితే ధ్రువ మార్గంలో ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టుట మొదలవుతుంది. అత్యవసరంగా దిగుటకు దగ్గరలో విమానాశ్రయాలు తక్కువ. టిబెట్ పీఠభూమి మీద ఎత్తు తగ్గించుటకు కూడా వీలు తక్కువ.

అదే నెలలో హైదరాబాదు నుండి షికాగోకు ఎయిర్ ఇండియా వారానికి ఒక విమానాన్ని ఆగకుండా నడుపుట ప్రారంభించింది. హైదరాబాదు నుండి అమెరికాకు అదే మొదటి నేరు సర్వీసు. అది కొంతకాలానికి నిలిచిపోయింది. కనుక మధ్యలో ఎక్కడో ఒకచోట మారుట సాధారణం.

దుబాయి మీదుగా వెళ్తే దూరాలు ఇలా ఉంటాయి: తెనాలి నుండి శంషాబాదుకు రోడ్డు మీద 300 కి.మీ., అక్కడి నుండి దుబాయికి 2,550 కి.మీ., దుబాయి నుండి డల్లాస్‌కు 12,940 కి.మీ. మొత్తం సుమారు 15,790 కి.మీ. చుట్టు నిష్పత్తి 1.09 మాత్రమే. రేపల్లె నుండి బాపట్లకు రైలులో వెళ్ళే వ్యక్తి తొంభై శాతం అదనంగా తిరుగుతుండగా, భూగోళంలో అవతలి వైపుకు పోయేవాడు తొమ్మిది శాతం మాత్రమే అదనంగా తిరుగుతున్నాడు.

ఇక కాలాన్ని చూద్దాము:

* తెనాలి - శంషాబాదు కారులో: 5 నుండి 6 గంటలు
* విమానాశ్రయంలో ముందుగా చేరుట, తనిఖీలు: 3 గంటలు
* హైదరాబాదు - దుబాయి: సుమారు 4 గంటలు
* దుబాయిలో నిరీక్షణ: 3 నుండి 5 గంటలు
* దుబాయి - డల్లాస్: సుమారు 16 గంటలు
* డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్, సామాను: 1 నుండి 2 గంటలు

మొత్తం సుమారు 34 గంటలు. ఇందులో గాలిలో గడిపేది 20 గంటలు. మిగిలిన 14 గంటలు నేల మీదనే గడుస్తాయి. పట్టికలలో చూపే "విమాన ప్రయాణ సమయం" చూసి 16 గంటలలో రావచ్చుననుకొనుట పొరపాటు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని అర్ధరాత్రి కబురు అందిన కొడుకుకు టిక్కెట్టు వెంటనే దొరికినా, ఇల్లు చేరేసరికి రెండవ రోజు దాటుతుంది. అంత్యక్రియలను ఎప్పటి వరకు ఆపాలో నిర్ణయించవలసిన కుటుంబాలకు ఈ లెక్క అనుభవం మీద తెలుస్తుంది.

మూసుకుపోయిన గగనతలాలు

గాలిలో కూడా దారులు ఎల్లప్పుడూ తెరచి ఉండవు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత ఐరోపా దేశాలు, అమెరికా తమ గగనతలాన్ని రష్యా విమానాలకు మూసివేశాయి. రష్యా కూడా ఆ దేశాల విమానాలకు తన గగనతలాన్ని మూసివేసింది. సైబీరియా మీదుగా పోయే దగ్గరి దారి ఆ సంస్థలకు లేకుండా పోయింది.

2025 ఏప్రిల్ 22 నాటి పహల్గాం దాడి తరువాత, ఏప్రిల్ 24న పాకిస్తాను తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. భారతదేశం కూడా అదే నెల చివరలో పాకిస్తాను విమానాలకు మూసివేసింది. ఈ నిషేధాలను తరువాత నెలనెలా పొడిగిస్తూ వచ్చారు. ఢిల్లీ నుండి ఐరోపా, అమెరికాలకు పోయే భారతీయ విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. కొన్ని అమెరికా విమానాలు ఇంధనం కోసం మధ్యలో ఐరోపాలో ఆగాయి. ఎయిర్ ఇండియా తన ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసును 2025 సెప్టెంబరు 1 నుండి నిలిపివేసింది. విమానాల కొరత, గగనతలం మూసివేత ఇందుకు కారణాలుగా చెప్పింది. అదే సంవత్సరం జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసివేసినప్పుడు గల్ఫ్ మీదుగా ప్రయాణించే వేలాది మంది దారిలో చిక్కుకున్నారు.

ఈ సంఘటనలలో ఏ ఊరి విమాన దూరమూ మారలేదు. మారినది ప్రయాణ కాలమే.

వరదలు, తుఫానులు

డెల్టాలో నీరు కూడా ప్రయాణ కాలాన్ని మారుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది మరణించారు. రేపల్లెకు ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డునే ఈ ఘోరం జరిగింది. అప్పటికి పెనుమూడి వద్ద వారధి లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో కృష్ణా నదికి వచ్చిన వరదలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. ఆ రోజుల్లో విజయవాడ - సికింద్రాబాదు మార్గంలో పట్టాల క్రింది మట్టి కొట్టుకుపోయి అనేక రైళ్ళు రద్దయ్యాయి. కొన్నింటిని దారి మళ్ళించారు. జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగిపోయాయి. హైదరాబాదుకు 292 కి.మీ. విమాన దూరంలో ఉన్న రేపల్లె ఆ రెండు మూడు రోజులు ఎంతో దూరమయింది. ఒకే దారి ఉన్న ఊరికి ఆ దారి తెగితే మరొకటి ఉండదు. చివరి స్టేషనుగా మిగిలిపోవుటలో ఉన్న అసలు ఇబ్బంది ఇదే.

అంకెలను చదువుటలో జాగ్రత్తలు

విద్యార్థులు, ప్రయాణికులు దూరాల పట్టికలు చూచునపుడు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలి.

* స్థానిక సమయం: విమానాల పట్టికలలో బయలుదేరు సమయం, చేరు సమయం ఆయా ఊళ్ళ స్థానిక కాలంలో ఉంటాయి. భారత కాలమానం కన్నా డల్లాస్ చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. తెల్లవారుజామున హైదరాబాదులో ఎక్కినవారు అదే తేదీ సాయంత్రం డల్లాస్‌లో దిగవచ్చును. దీనిని చూచి పన్నెండు గంటల ప్రయాణం అనుకోరాదు.
* గాలి వాలు: ఎత్తైన ఆకాశంలో పడమర నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. ఒకే దారిలో పోవుటకు, వచ్చుటకు గంట, గంటన్నర తేడా ఉండవచ్చును.
* మైళ్ళు: విమాన రంగంలో వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ.కు సమానం. రోడ్డు మైలు 1.609 కి.మీ.కు సమానం. ఏ మైలో చూచుకోకుండా మార్చితే దూరం తప్పు వస్తుంది.
* చదునైన పటం: గోడ పటం మీద అమెరికా పడమటి దిక్కున కనిపిస్తుంది. కానీ తెనాలి నుండి దగ్గరి దారి ఉత్తరాన ఉన్నది. గ్లోబు మీద దారంతో ఎవరైనా దీనిని సరిచూసుకోవచ్చును.

విశ్లేషణ

పై అంకెలన్నీ కలిపి చూస్తే, ఈ ప్రాంత ప్రజల ప్రయాణ కాలంలో పెద్ద ఆదా వేగవంతమైన విమానాల వలన రాదు. జెట్ విమానాల వేగం 1960ల నుండి పెద్దగా పెరగలేదు. గన్నవరం నుండి మరికొన్ని అంతర్జాతీయ సర్వీసులు వస్తే నేల మీద గడిపే 14 గంటలలో నాలుగైదు గంటలు తగ్గవచ్చును. ఇది విలువైనదే. కానీ అమెరికా ప్రయాణం ఒక కుటుంబానికి సంవత్సరానికి ఒకసారో, రెండు మూడు సంవత్సరాలకు ఒకసారో వచ్చేది.

జిల్లా కేంద్రానికి, ఆసుపత్రికి, కళాశాలకు, మార్కెట్టుకు చేసే ప్రయాణం నిత్యం ఉండేది. అక్కడే చుట్టు నిష్పత్తి ఎక్కువగా ఉన్నది. రేపల్లె - బాపట్ల మధ్య జాతీయ రహదారిపై సరిపడినన్ని బస్సులు, తెనాలిలో శాఖా మార్గపు బండ్లకు ప్రధాన మార్గపు బండ్లతో కుదిరే సమయాలు, రేపల్లె - మచిలీపట్నం మధ్య రైలు అనుసంధానం, ఈ మూడింటిలో మొదటి రెండింటికి కొత్త పట్టాలు గానీ కొత్త వంతెన గానీ అవసరం లేదు. సమయ పట్టిక మార్చితే చాలును. జిల్లాల సరిహద్దులు గీయునప్పుడు పటం మీద దూరాన్ని కాక, ప్రజలు వాడే బస్సు, రైలు పట్టే సమయాన్ని కొలతగా తీసుకొనుట మేలు.

పెనుమూడి వారధి 135 కి.మీ.ను 50 కి.మీ. చేసింది. డెల్టాలో ఇంతకు ముందు జరిగినది మరల జరగవచ్చును. రేపల్లె స్టేషనులో పట్టాలు 1916లో ఎక్కడ ఆగాయో నేటికీ అక్కడే ఆగి ఉన్నాయి. బాపట్ల అక్కడికి 41 కి.మీ. దూరంలోనే ఉన్నది.